పలకనుండి అంతరిక్షమునకు

మార్కాపురమను పేరు వినినంతనే పలక జ్ఞప్తికి వచ్చును. అచ్చటి గనులలో తీసిన నల్లరాతిపై ఎన్ని తరముల తెలుగుబిడ్డలో ఓనమాలు దిద్దిరి. నేడు రాతిపలక వాడుక సన్నగిల్లినది. కాని లోకమునకు పలకల నిచ్చిన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల బిడ్డలు తాము నేర్చిన లెక్కలతో ఎంతదూరము పోగలరను ప్రశ్న మాత్రము నిలిచియే యున్నది. వ్యోమగామి యొకని జీవితమార్గమును పరిశీలించి ఈ ప్రశ్నకు సమాధానము వెదుకదలచితిమి.

ఆతడు రాజాచారి. తండ్రి శ్రీనివాస్ చారి హైదరాబాదునుండి ఉన్నతవిద్యకై అమెరికాకు పోయి అచ్చట స్థిరపడిన ఇంజనీరు. రాజాచారి 1977లో మిల్వాకీ నగరమున జన్మించి, అయోవా రాష్ట్రమందలి సీడార్ ఫాల్సులో పెరిగెను. 1999లో అమెరికా వైమానికదళ విద్యాలయమున పట్టమును, 2001లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థయందు వైమానిక, అంతరిక్ష శాస్త్రములలో ఉన్నతపట్టమును పొందెను. యుద్ధవిమానమును నడపి ఇరాకు రంగమున పనిచేసెను. అటుపిమ్మట ఆతడు చేరిన పాఠశాల గమనింపదగినది. తాను వైమానికదళమువాడయ్యు, మేరీలాండులోని నౌకాదళ పరీక్షావైమానిక విద్యాలయమున శిక్షణ పొందెను.

పరీక్షావైమానికుని పని కేవలము సాహసము కాదు. కొత్త విమానమును ఆకాశమునకు గొనిపోయి, అది ఏ వేగమున వణకునో, ఏ బరువున మాట వినదో కనుగొని, దిగివచ్చి ఇంజనీర్లకు బోధపడునట్లు వ్రాసి యీయవలెను. గుండెధైర్యముతోబాటు గణితము, కలము రెండును కావలెను. వ్యోమనౌకయు పూర్తిగా తెలియని యంత్రమే గనుక అట్టివారు అంతరిక్షసంస్థలకు ప్రియులైరి. సునీతా విలియమ్సు ఈ మార్గమున నడచినదే. 1987లో నౌకాదళ విద్యాలయమునుండి వెలువడి, 1989లో నౌకాదళ వైమానికురాలై, హెలికాప్టర్లు నడపి, 1993లో ఇదే పరీక్షావిద్యాలయమున ఉత్తీర్ణురాలయ్యెను. 1998లో నాసా ఆమెను ఎన్నుకొనెను. మూడు యాత్రలలో ఆమె 608 దినములు అంతరిక్షమున గడపెను. 1969లో చంద్రునిపై తొలి యడుగిడిన ఆర్మ్‌స్ట్రాంగు సయితము నౌకాదళ వైమానికుడుగనే జీవిత మారంభించెను.

2017లో 18,000మందికి పైగా అభ్యర్థించగా నాసా 12మందిని ఎన్నుకొనెను. అందు రాజాచారి యొకడు. 2021 నవంబరులో నలుగురు యాత్రికుల నౌకకు నాయకుడై పోయి, 2022 మార్చిలో రెండుమారులు నౌకవెలుపల శూన్యమున పనిచేసి, 177 దినములు గడచిన పిమ్మట మే నెలలో భూమికి దిగెను. పద్దెనిమిదేండ్ల కుర్రవాడు సైనిక విద్యాలయమున కాలిడిననాటినుండి లెక్కించిన ఇరువది యైదేండ్లకు పైబడిన దారి యిది. ఇందు ఒక్క మెట్టును ఎగిరి దాటినది లేదు.

ఆతడు మనవాడని మనవారు పొంగిపోయిరి. మేమును సంతసించితిమి. కాని ఆతని పెంచినది అయోవా పట్టణము, చదివించినది అమెరికా ప్రభుత్వము. ఇంటిపేరునుబట్టి కీర్తిలో భాగము కోరుట, మా తాతలు నేతులు త్రాగినారు, మా మూతులు వాసన చూడుడని చెప్పుటవంటిది. మనము కోరవలసినది ఆతని కీర్తిలో భాగము కాదు, ఆతడెక్కిన నిచ్చెనవంటి నిచ్చెన.

ఆ నిచ్చెన మనకు లేకపోలేదు. కోరుకొండ, కలికిరి సైనికపాఠశాలలలో ఆరవ తరగతిలోను, తొమ్మిదవ తరగతిలోను పరీక్షచే ప్రవేశము కలదు. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ విద్యాలయమునకు ఏటేట రెండుమారులు పరీక్ష జరుగును. నౌకా, వైమానిక శాఖలకు ఇంటర్మీడియటులో గణిత, భౌతికశాస్త్రములు చదివి యుండవలెను. శిక్షణవ్యయమును ప్రభుత్వమే భరించును. 2022నుండి బాలికలకును ఆ ద్వారము తెరచిరి. 2025 జూలైలో మన విశాఖపట్టణమందలి నౌకాదళ విమానస్థావరముననే ఆస్థా పూనియా యుద్ధవిమాన శాఖలో చేరు తొలి నౌకాదళ వనితగా రెక్కల చిహ్నమును స్వీకరించెను. గగనయానమునకు ఎన్నికైన నలుగురును పరీక్షావైమానికులే. వారిలో శుభాంశు శుక్లా 2025 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమునకు పోయి, జూలైలో క్షేమముగా తిరిగివచ్చెను.

కాని ఈ నిచ్చెనకు కాలపరిమితి కలదు. రక్షణ విద్యాలయమునకు వయస్సు పదునారున్నర, పందొమ్మిదిన్నర యేండ్లనడుమ నుండవలెను. ఇరువదియవ యేట ఆ వార్త విన్న గిద్దలూరు బాలునికి దానివలన ఫలమేమి? పట్టణపు బాలునికి అన్నయో, మామయో చెప్పును. నల్లమల యంచున రైతుకూలీ కుమారునికి చెప్పు వాడెవడు? తెలివి తక్కువై కాదు, తెలియక మన బిడ్డలు తప్పిపోవుచున్నారు.

మరియొక యడ్డంకి కలదు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల పల్లెలు పెక్కింట భూగర్భజలమున ఫ్లోరైడు మిక్కుటము. అది పసితనమున పండ్లకు గారపట్టించి, పోనుపోను ఎముకలను చెరచును. వైమానికుడు కాగోరువాని వెన్నెముకకు సయితము ఛాయాచిత్రములు తీసి పరీక్షింతురు. పరీక్షలో నెగ్గిన బిడ్డను బావినీరు ఓడించుట ఎంతటి యన్యాయము! 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ పథకమునకు కొండను దొలిచినంతనే దప్పిక తీరదు. కృష్ణాజలము పల్లెలోని పసివాని గ్లాసు చేరినప్పుడే తీరును.

కావున మేము కోరునవి మూడు. మంచినీరు ప్రతి గ్రామమునకు రావలెను. ప్రతి ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్ర ప్రయోగశాల తాళము తీసి యుంచవలెను. తొమ్మిదవ తరగతి నాటికే ఉపాధ్యాయుడు ఈ పరీక్షల వివరములను నల్లబల్లపై వ్రాసి చూపవలెను. ఇందు మూడవదానికి సుద్దముక్క తప్ప వ్యయము లేదు, రేపే చేయవచ్చును. పలక మార్కాపురమువారిదే. దానిపై వ్రాయవలసిన దారిని బిడ్డలకు చూపుట పెద్దల బాధ్యత.