గోపురానికి గీత, కంటికి కోత

జాతరైనా, నిమజ్జనమైనా లేజర్ వెలుగులు లేనిదే సందడి లేదన్నట్టుంది ఇప్పుడు. ట్రాక్టరుపై డీజే బాక్సుల పక్కన చిన్న పెట్టె బిగిస్తారు. అందులోంచి పుల్లలా బయలుదేరిన పచ్చని గీత గుడి గోపురం చేరేసరికి అరచేతి వెడల్పు కావడం చాలామంది చూసే ఉంటారు. స్వామి పేరు వేయిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. కమిటీ వారు అద్దెకిచ్చిన వారిని నిలదీస్తారు.

లోపం కరెంటుది కాదు. లేజర్ ఎంత తిన్నగా పోయినా కొంత విచ్చుకోక తప్పదు. దీన్ని మిల్లీరేడియన్లలో కొలుస్తారు. 1 మిల్లీరేడియన్ అంటే 100 మీటర్ల దూరాన సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు. 3 ఉంటే అడుగు వెడల్పు! 1973లో లాస్‌ఏంజెలెస్ గ్రిఫిత్ అబ్జర్వేటరీలో ‘లేజేరియం’ ప్రదర్శనలు మొదలైనప్పుడు వాడింది గ్యాస్ లేజర్. దాని కిరణం సహజంగానే సన్నన. నేటి పెట్టెల్లో ఉండేవి డయోడ్లు. సన్నని చీలిక వంటి చోట పుట్టిన వెలుగు ఒక దిక్కున ఎక్కువ, మరో దిక్కున తక్కువ పరుచుకుంటుంది. దాన్ని కూడగట్టేది ముందున్న బుల్లి లెన్స్. అది వెంట్రుకవాసి జరిగినా గీత చెడుతుంది. ఎర్ర డయోడ్ మరీ మొండిది. తెల్లని అక్షరాల అంచున ఎర్రని నీడ కనబడితే చాలాసార్లు కారణం అదే.

మందు ఉంది గాని తిరకాసుతో. రెండు లెన్సులతో కిరణాన్ని ముందుగానే రెండింతలు లావు చేస్తే విచ్చుకోవడం సగమవుతుంది. మొదట లావైనదే దూరాన సన్నగా ఉంటుందన్నమాట! కానీ లావు కిరణానికి పెద్ద అద్దం కావాలి. మోటారుపై ఊగుతూ బొమ్మ గీసేది ఆ అద్దమే. అది బరువెక్కితే వేగం తగ్గి బొమ్మ మిణుకుమంటుంది.

అసలు భయం వేరు. 3 మిల్లీరేడియన్లను 1కి తగ్గిస్తే, దూరాన కిరణం తాకిన చోట తీక్షణత దాదాపు 9 రెట్లు. గోపురానికి మేలు, భక్తుడి కంటికి కీడు. 2023 గణేశ్ ఉత్సవాల్లో మహారాష్ట్రలో లేజర్ వెలుగుకు చూపు దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. అందుకే జనం వైపు పోయే కిరణాన్ని వేరే లెన్స్‌తో విచ్చదీయాలి, శక్తినీ తగ్గించాలి. లేదా తలల పైనుంచే పోనివ్వాలి. అమెరికాలో ప్రేక్షకులు నిలిచే చోటుకు 3 మీటర్ల పైన ఉంచాలన్నది నిబంధన. మన వీధుల్లో అరుగుల మీద, డాబాల మీద పిల్లలను ఎత్తుకుని చూసేవారి ఎత్తునూ ఆ లెక్కలో కలపవలసి ఉంటుంది.