సముద్రం మింగిన ఊళ్లో నడక

గులకరాళ్ల తీరం, ఒకే వీధి, ఓ చర్చి, చిన్న మ్యూజియం... ఇంగ్లండ్ తూర్పున సఫోక్ తీరంలోని డన్‌విచ్‌లో మిగిలింది దాదాపు ఇంతే! ఒకప్పుడిది పేరున్న రేవు పట్టణం. 1286, 1328ల్లో వచ్చిన తుపాన్లకి రేవు పూడిపోయింది. ఆపైన ఇళ్లనీ చర్చిల్నీ కెరటాలు ఒక్కొక్కటే లాగేసుకున్నాయి. విచిత్రం ఏంటంటే, ఊరు కరిగిపోతున్నా 1832 దాకా పార్లమెంటుకి ఇద్దరు సభ్యుల్ని పంపుతూనే ఉంది!

మ్యూజియంలో పాత పట్టణం నమూనా చూసి బయల్దేరితే గ్రేఫ్రయర్స్ మఠం శిథిలాలు వస్తాయి. ఆ పక్కనే కొండచరియ మీది బాట. ఆ అంచున ఉండే ఆల్ సెయింట్స్ చర్చి 1904 నుంచి విరిగిపడుతూ 1919కల్లా సముద్రంలో కలిసిపోయింది. దాని గోడ ఊత స్తంభం ఒకటి సెయింట్ జేమ్స్ చర్చి ఆవరణలో ఇప్పటికీ కనిపిస్తుంది. దక్షిణంగా సాగితే డన్‌విచ్ హీత్. ఆగస్టులో వెళ్తే మైదానమంతా ఊదారంగు పూలే. అంచుకి మాత్రం పోవద్దు... చరియలు ఇంకా విరిగిపడుతున్నాయి.