కొంగున ముడి ఒక్కటే చాలదు

డిశ్చార్జి రోజున మా సిస్టర్లు మందులన్నీ చూపించి వివరంగా చెబుతారు. "అర్థమైందా అమ్మా?" అంటే "అర్థమైంది సిస్టరమ్మా" అంటారు. వారం తిరక్కుండానే వచ్చి, "తెల్ల బిళ్ల పొద్దున్నా, రాత్రా?" అని అడుగుతారు. ఒకప్పుడు మేము విసుక్కునేవాళ్లం. ఒక పెద్దావిడ షుగరు బిళ్ల వేసుకున్న సంగతి మరచి మళ్లీ వేసుకుని, ఒళ్లంతా చెమటలతో స్పృహ తప్పి మా క్యాజువాలిటీకి వచ్చిన రోజున ఆ విసుగు పోయింది. ఆవిడకు మతిమరుపు జబ్బేమీ లేదు. వేసుకున్నట్లు తెలిపే ఆనవాలు పెట్టుకోవడం మేమే నేర్పలేదు.

నేర్చుకున్నదాంట్లో చాలా భాగం మొదటి రోజే జారిపోతుందని జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీదే పరీక్షలు చేసుకుని 1885లో రాశారు. 1966లో కెనడాలో ఎండెల్ టుల్వింగ్, జెనా పర్ల్‌స్టోన్ కొందరికి పదాల జాబితాలు వినిపించారు. ఊరికే అడిగితే గుర్తురాని పదాలెన్నో, అవి ఏ జాతివో చెప్పగానే గుర్తొచ్చాయి. అంటే ఆ మాటలు పోలేదు, బయటికి లాగే ఆనవాలు కావాలి.

మన అమ్మమ్మలు అందుకే కొంగున ముడి వేసుకునేవారు. అయితే ముడి "ఏదో పని ఉంది" అని మాత్రమే అంటుంది, ఏ పనో చెప్పదు. ఆనవాలు ఆ పనినే గుర్తుచేసేలా ఉండాలి.

అందుకని మందును రోజూ తప్పక చేసే పనికి జతచేయండి. డాక్టరుగారు పొద్దున వేసుకోమన్న బి.పి. బిళ్లను కాఫీ గ్లాసు పక్కన ఉంచండి. చదువురాని వారికి కవరు మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఇవ్వండి. బిళ్ల మింగిన వెంటనే క్యాలెండరులో టిక్కు పెట్టండి. వేసుకున్నామో లేదో అనుమానం వస్తే మళ్లీ వేసుకోకండి, ఆసుపత్రికి ఫోను చేసి అడగండి.

ఇంటికి వెళ్లే ముందు మేము చెప్పినది మీ మాటల్లో మాకు తిరిగి చెప్పండి. ఈ పరీక్ష మీకు కాదు, సరిగ్గా చెప్పామో లేదో తెలుసుకోవడానికి మాకే. అయితే తెలిసిన దారి తప్పిపోవడం, ఇంట్లోవారి పేర్లు మరచిపోవడం వంటివి కనబడితే ఆనవాళ్లతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

ఆ పెద్దావిడ ఇప్పుడు ప్రతి నెలా చెకప్పుకు క్యాలెండరు చంకలో పెట్టుకుని వస్తున్నారు. ముందు మాకు టిక్కులు చూపిస్తారు, తర్వాతే కూర్చుంటారు.