బరువు తగ్గించు శస్త్రచికిత్స - విటమినుల లెక్క

మితిమీరిన స్థూలకాయమును తగ్గించుటకు నేడు చేయు శస్త్రచికిత్సలలో రెండు ముఖ్యమైనవి. మొదటిదానిలో జీర్ణాశయమునందు నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసివేసి, మిగిలినదానిని అరటికాయవంటి సన్నని గొట్టముగా కుట్టుదురు. దీనికి స్లీవ్ పద్ధతి అని పేరు. రెండవదానిలో జీర్ణాశయపు పైభాగమున సుమారు 30 ఘన సెంటీమీటర్లు పట్టు చిన్న సంచిని మాత్రము వేరుచేసి, చిన్నప్రేగును కొంత దిగువన తెగగోసి ఆ సంచికి అతుకుదురు. ఇది బైపాస్ పద్ధతి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు 1966లో దీని తొలిరూపమును ప్రవేశపెట్టెను.

ఈ చికిత్స చేయించుకొనుట సోమరుల మార్గమని కొందరు హేళన చేయుదురు. అది న్యాయము కాదు. మధుమేహము, రక్తపుపోటు, కీళ్లనొప్పులతో బాధపడు అనేకులకు దీనివలన నిజమైన మేలు కలుగుచున్నది. అయితే చికిత్స పొందినవారు జీవితాంతము విటమినులు, ఖనిజములు గల మాత్రలు వాడవలసియుండును. "ఆపరేషను అయినది, బరువు తగ్గినది, ఇంకను మాత్రలెందుకు?" అని రోగులే కాక బంధువులు కూడ అడుగుదురు. దీనికి సమాధానము మన హైస్కూలు పాఠములలోనే దొరకును.

అన్నములోని పోషకములన్నియు ఒకేచోట రక్తములో కలియవు. ప్రేగును రైలుమార్గముగా ఊహించినచో ఒక్కొక్క పోషకము దిగు స్టేషను వేరు. ఇనుము దిగు పెద్ద స్టేషను జీర్ణాశయము దాటగానే వచ్చు ఆంత్రమూలము. బైపాస్ తరువాత బండి ఆ స్టేషను మీదుగా పోనే పోదు. తరువాతి స్టేషనులలో దిగునది స్వల్పము. పైగా ఆకుకూరలు, ధాన్యములలోని ఇనుము గ్రహింపబడుటకు అనువైన రూపమునకు మారవలెనన్న జఠరరసములోని ఆమ్లము తోడ్పడవలెను. ఆ ఆమ్లము కూడ ఇపుడు తక్కువ. నెలనెలా రక్తము కోల్పోవు స్త్రీలకు ఇది మరింత చిక్కు. అట్టివారికి రోజుకు 45 నుండి 60 మిల్లీగ్రాముల ఇనుము ఇవ్వవలెనని, ఈ శాఖకు చెందిన అమెరికా వైద్యసంఘము 2016లో సూచించినది.

ఇక కాల్షియము. సుద్దముక్కపై హైడ్రోక్లోరికామ్లము పోసినపుడు నురగ వచ్చి అది కరగిపోవుట ప్రతి విద్యార్థి చూచినదే. నీటిలో వేసిన అదే సుద్ద అడుగున పడియుండును. చౌకగా దొరకు కాల్షియము మాత్రలలో ఎక్కువ భాగము ఈ కార్బొనేటే. ఆమ్లము తగ్గిన జీర్ణాశయములో అది చక్కగా కరగదు. కాల్షియము సిట్రేటునకు ఇంత ఆమ్లము అవసరము లేదు కనుక వైద్యులు దానిని మేలని చెప్పుదురు. రక్తములో కాల్షియము తగ్గినచో పారాథైరాయిడ్ గ్రంథులు ఊరకుండవు. ఎముకలనుండి తీసి రక్తమునకు సర్దుబాటు చేయును. అందుచే రక్తపరీక్షలో కాల్షియము సరిగానే కనుపించుచుండగా లోపల ఎముక గుల్లబారుచుండవచ్చును. డి విటమిను కూడ చాలినంత లేకున్న కాల్షియము మాత్ర వలన ప్రయోజనము కొద్దియే.

బి12 సంగతి ఇంకను విచిత్రము. జీర్ణాశయపు గోడలలో పుట్టు ఒక ప్రోటీను దానిని వెంటబెట్టుకొని చిన్నప్రేగు చివరి వరకు కొనిపోవలెను. తోడు లేనిచో అది ప్రేగుగోడ దాటుట కష్టము. అయినను ఆపరేషను జరిగిన వెంటనే ఏమియు తోచదు. కారణము, కాలేయములో 2 మిల్లీగ్రాములకు తక్కువ కాని నిలువ ఉండును. అనగా 2000 మైక్రోగ్రాములు. రోజుకు 2 మైక్రోగ్రాములు ఖర్చగునని లెక్కించినచో 1000 దినములు సరిపోవును. ఈ మూడేండ్లలో "నేను మాత్రలు మానితిని, ఏమైనది?" అని ధైర్యము చెప్పువారు బయలుదేరుదురు. నిలువ తరిగిన పిదప రక్తహీనత, అరికాళ్ల తిమ్మిరి, నడకలో తడబాటు వచ్చును. నాడులకు కలిగిన చెరుపు ఆలస్యమైనచో పూర్తిగా మానకపోవచ్చును. శాకాహారులకు పాలు, పెరుగే దీనికి ముఖ్యాధారము గనుక వారు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

ఇచట మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావును తలచుకొనవలెను. భీమవరమున పుట్టిన ఆయన నాయకత్వమున అమెరికాలో లెడర్లీ పరిశోధకులు 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఆయన సోదరులిరువురు స్ప్రూ అను వ్యాధికి బలియైరి; అదియు ప్రేగు పోషకములను గ్రహింపలేని జబ్బే. అయితే బి12 లోపించినవారికి ఫోలికామ్లము మాత్రమే ఇచ్చినచో రక్తహీనత తగ్గినట్లు కనిపించును గాని నాడుల చెరుపు ఆగదు. అందుచే రెండింటిని కలిపి చూడవలెను.

అన్నిటికన్న త్వరగా అపాయము తెచ్చునది బి1, అనగా థయమిను. శరీరములో దీని నిలువ 30 మిల్లీగ్రాములకు మించదు. రెండు మూడు వారములకే తరిగిపోవును. ఆపరేషను తరువాత వాంతులు పట్టుకొన్నచో ఆ గడువు వేగముగా వచ్చును. 20వ శతాబ్దపు పూర్వార్ధములో మరపట్టిన పచ్చిబియ్యము తిను ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాపించుటకు కారణము ఈ లోపమే. ఉప్పుడు బియ్యము తినువారు చాలవరకు తప్పించుకొనిరి. నీరసమనగానే గ్లూకోజు ఎక్కించమని అడుగుట మనవారికి అలవాటు. గ్లూకోజును దహించుటకు థయమిను కావలెను. ఉన్న కాస్తయు దానికే ఖర్చై మెదడు దెబ్బతినవచ్చును. కావున వాంతులతో ఆసుపత్రికి పోయినపుడు ఆపరేషను సంగతి ముందుగా చెప్పవలెను. థయమిను ముందు, గ్లూకోజు తరువాత.

ఖర్చు మాటకు వత్తము. ఆపరేషను ఖర్చును ఇంటిల్లిపాది కూర్చుండి లెక్కించుకొందురు. మాత్రల ఖర్చు ఎవరికిని జ్ఞప్తికి రాదు. ఆరోగ్యబీమా సాధారణముగా ఆసుపత్రి ఖర్చును, ఆ తరువాత కొలది కాలపు మందులను మాత్రమే భరించును. ఉదాహరణకు మాత్రలకు రోజుకు 15 రూపాయలనుకొందము. ఏడాదికి 5,475 రూపాయలు, 30 ఏండ్లకు 1,64,250 రూపాయలు. ఏటేటా చేయించవలసిన రక్తపరీక్షలు వేరు. పేదవానికిది చిన్న మొత్తము కాదు. మాత్రలు మానుటకు మరపు ఒక్కటే కారణమనుట పొరపాటు.

ఎచట తగ్గించవచ్చునో, ఎచట తగ్గించరాదో తెలిసికొనుట మేలు. బి12 మాత్రలో నూటికి ఒక వంతు మాత్రము తోడు లేకయే లోనికి పోవును. 1000 మైక్రోగ్రాముల మాత్రలో అది 10 మైక్రోగ్రాములు. రోజుకు కావలసినది 2.4 మాత్రమే. కనుక చాలమందికి సూది లేకుండనే పని జరుగును. రంగురంగుల జెల్లీ బిళ్లలకు పోయు డబ్బు వృథా యని నా అభిప్రాయము. వానిలో తరచుగా ఇనుమే ఉండదు. ప్రభుత్వపు జనౌషధి దుకాణములలో బ్రాండు పేరు లేని మందులు చౌకగా లభించును.

కాల్షియము విషయమున మాత్రము చీటీ జాగ్రత్తగా చదువవలెను. 1000 మిల్లీగ్రాముల కార్బొనేటులో 400, అంతే సిట్రేటులో 210 మిల్లీగ్రాముల కాల్షియము ఉండును. రోజుకు 1200 కావలెనన్న మొదటిది 3 గ్రాములు, రెండవది దాదాపు 6 గ్రాములు మ్రింగవలెను. సిట్రేటు ఖర్చు అందుకే ఎక్కువ. అయినను అది పెట్టదగిన ఖర్చే. కార్బొనేటే గతియైనచో భోజనముతోపాటు తీసికొనవలెను. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించిన కాల్షియమును ప్రేగు చక్కగా గ్రహింపజాలదు గనుక రెండు మూడు వాయిదాలుగా వేసికొనవలెను. ఇనుపమాత్రకును దీనికిని కనీసము రెండు గంటల ఎడముండవలెను, ఏలయన ఒకటి రెండవదానికి అడ్డుపడును. ఇనుపమాత్రను కాఫీ, టీలతో మ్రింగు అలవాటుకూడ ఇట్టిదే.