మందు ఒకటే... పెట్టెలే వేరు!

బీపీ మాత్ర వేసుకునేవాళ్లెవరూ అది వచ్చిన అట్టపెట్టెను పట్టించుకోరు. మాత్రలు అయిపోగానే అది చెత్తబుట్టలోకే. కానీ బ్రిటన్‌లో ప్రభుత్వమూ మందుల కంపెనీలూ కొన్నేళ్లపాటు తలలు పట్టుకున్నది... ఆ పెట్టె మీద ఏం అచ్చువేయాలన్న దాని గురించే!

కారణం బ్రెగ్జిట్. 2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది. ఆ ఏడాది చివరిదాకా పాత నిబంధనలే నడిచాయి. యూరప్ మందుల సంస్థ అంతకుముందే, 2019లో, లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి మకాం మార్చేసింది.

చిక్కంతా ఉత్తర ఐర్లాండ్‌తో వచ్చింది. అది బ్రిటన్‌లో భాగమే. కానీ పక్కనున్న ఐర్లాండ్ దేశంతో సరిహద్దులో తనిఖీలు ఉండకూడదన్న ఉద్దేశంతో మందుల విషయంలో అక్కడ యూరప్ నిబంధనలనే కొనసాగించారు. మరి బెల్‌ఫాస్ట్ మందుల షాపులకు సరుకొచ్చేదేమో చాలామటుకు బ్రిటన్ ప్రధాన భూభాగం నుంచే!

నకిలీల్ని అడ్డుకోవడానికి 2019 ఫిబ్రవరి నుంచి యూరప్‌లో, డాక్టరు చీటీ మీద ఇచ్చే మందుల్లో దాదాపు అన్నిటికీ చదరపు కోడూ, ఎవరూ తెరవలేదని తెలిపే సీలూ తప్పనిసరయ్యాయి. ఆ కోడ్‌లో ప్రతి పెట్టెకూ సొంత నంబరుంటుంది. ఫార్మసిస్టు స్కాన్ చేసినప్పుడు ఆ నంబరు అప్పటికే ఇంకెక్కడో అమ్ముడైపోయి ఉంటే కంప్యూటర్ హెచ్చరిస్తుంది. 2021 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఈ ఏర్పాటు తీసేశారు. ఉత్తర ఐర్లాండ్‌లో మాత్రం 2024 చివరిదాకా ఉండాల్సి వచ్చింది.

సుమారు 19 లక్షల జనాభా కోసం వేరే పెట్టె, వేరే అనుమతి, వేరే పరీక్షలంటే కంపెనీకి మిగిలేదెంత? తక్కువ లాభంతో అమ్మే చవక జనరిక్ మాత్రలకైతే అసలు గిట్టుబాటు కాదు. కొన్ని కంపెనీలు సరఫరా ఆపేస్తామన్నాయి. ఆ మాట నిజమైతే ఇబ్బంది పడేది రోజూ ఆ మాత్ర మీద ఆధారపడ్డ రోగే. అందుకే గడువులు పొడిగిస్తూ, 2022 ఏప్రిల్‌లో యూరప్ తన చట్టాన్ని సడలించుకుంటూ నెట్టుకొచ్చారు.

2023 ఫిబ్రవరిలో కుదిరిన విండ్సర్ ఒప్పందంతో ముడి వీడింది. 2025 జనవరి 1 నుంచి బ్రిటన్ మొత్తానికీ ఒకే లైసెన్సు, ఒకే పెట్టె. షరతల్లా ఒక్కటే... సరిహద్దు దాటి యూరప్‌లోకి జారిపోకుండా పెట్టె మీద ‘యూకే ఓన్లీ’ అని స్పష్టంగా ఉండాలి. అట్టలు వృథా కాకుండా 2025 జూన్ నెలాఖరుదాకా స్టిక్కర్ అతికించుకోనిచ్చారు.

రెండు పదాలేగా అనిపిస్తుంది. బ్రిటన్‌కి జనరిక్ మందులు పంపే దేశాల్లో మనదీ ముఖ్యమైనదే. హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, అరబిందో ఫార్మాలకు అక్కడ వ్యాపారముంది. అట్ట మీద అక్షరం మారినా ఆమోదించిన నమూనాతో సరిపోల్చుకోవాలి, కొత్తవి అచ్చువేయించాలి, ప్యాకింగ్‌లో పాతవి కలవకుండా కాపలా కాయాలి. పెట్టె తప్పయితే లోపలి మాత్ర బాగున్నా సరుకు వెనక్కి తెప్పించాల్సి రావచ్చు.

ఇంకో మెలికా ఉంది. ఒకప్పుడు చాలా మందులకు బ్రిటన్, ఐర్లాండ్ రెండింటికీ కలిపి ఒకే ఇంగ్లిషు పెట్టె సరిపోయేది. ‘యూకే ఓన్లీ’ ముద్ర పడ్డాక అది డబ్లిన్‌లో చెల్లదు. అరకోటికి కాస్త పైగా జనాభా ఉన్న ఐర్లాండ్ కోసం వేరే పెట్టె చేయించడం గిట్టుబాటవుతుందా అని కంపెనీలు ఇప్పుడు లెక్కలు వేసుకోవాలి.