ఇంటికి ఇల్లు బదులు: రోటరీ స్నేహయాత్రల సంగతి

గత నెలలో సర్జాపుర బస్టాండులో మా పాఠశాల పూర్వ విద్యార్థి తండ్రి ఒకరు నన్ను ఆపి ఒక మాట అడిగారు. "క్లబ్బువాళ్ళు ఫారినుకు ఊరకే పిలుచుకొని పోతారంట గదా టీచరమ్మా, మావాని పేరు రాయిస్తే ఎట్లుంటుంది?" పేరు వ్రాయించడానికి ఇరవై అయిదు వేలు ముందుగా ఇమ్మని ఎవరో మధ్యవర్తి చెప్పాడట. ఆ డబ్బు కోసం ఆవును అమ్మే ఆలోచనలో ఉన్నారాయన. ఆవును అమ్మవద్దని ఆయనకు అక్కడికక్కడే చెప్పాను. ఎందుకు వద్దన్నానో వివరంగా చెప్పే లోపల ఆయన ఎక్కవలసిన బాగలూరు బస్సు వచ్చింది. ఆ మిగిలిన మాట ఇక్కడ వ్రాస్తున్నాను.

క్లబ్బు అని మనం అంటున్నది సేవాసంఘాన్ని. అటువంటివి అనేకం ఉన్నా, విదేశీ స్నేహయాత్రల విషయంలో మన ప్రాంతంలో తరచుగా వినబడే పేరు రోటరీ. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది ముగ్గురు మిత్రులతో కలిసి దీనిని ప్రారంభించాడు. ఒక వారం ఒకరి కార్యాలయంలో, మరు వారం మరొకరి కార్యాలయంలో వంతులవారీగా కలుసుకునేవారు కనుక, చక్రంలా తిరిగేది అనే భావంతో రోటరీ అని పేరు పెట్టుకున్నారు. మన దేశంలో 1919లో కలకత్తాలో, బెంగళూరులో 1934లో క్లబ్బులు ఏర్పడ్డాయి. సరిహద్దువాసులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉన్నది. రోటరీ వారి జిల్లాలు ప్రభుత్వ జిల్లాల వంటివి కావు. వాటికి రాష్ట్రాల ఎల్లలతోనూ పట్టింపు లేదు. ఇటు బళ్ళారి, అటు అనంతపురం ఒకే రోటరీ జిల్లాలో ఉన్నాయి. అటువంటి ఒక జిల్లా, మరో దేశంలోని మరో జిల్లాతో కుదుర్చుకునే ఒప్పందమే స్నేహ వినిమయ యాత్ర.

దీని పద్ధతి ఇలా ఉంటుంది. ఒక జిల్లా నుండి నాలుగైదు దంపతుల జంటలు, లేదా అంతే సంఖ్యలో సభ్యులు, ఒక బృందంగా బయలుదేరుతారు. విమానపు టికెట్టు, వీసా రుసుము, బీమా అన్నీ ఎవరివి వారే భరించాలి. రోటరీ సంస్థ నిధి నుండి ఇందుకు పైసా రాదు. అక్కడ దిగిన తరువాత హోటలు ఉండదు. ఆ ఊరి సభ్యులు తమ ఇళ్ళలో బస ఇచ్చి, భోజనం పెట్టి, తమ వాహనాలలో ఊరు చూపిస్తారు. ఒక ఇంట మూడు నాలుగు దినాలు, ఆపై మరో ఊరిలో మరో ఇల్లు. బడులు, వైద్యశాలలు, పొలాలు చూడటం, క్లబ్బు సమావేశంలో కూర్చోవడం, ఒకరి క్లబ్బు పతాకాన్ని మరొకరికి ఇచ్చి పుచ్చుకోవడం ఇందులో భాగం. తరువాత కొంతకాలానికి ఆ దేశం వారు ఇక్కడికి వస్తారు. అప్పుడు వీరి ఇంటి తలుపులు తెరవాలి. వారి ఇంట తిన్నవాడు వారికి తన ఇంట పెట్టడమే ఇందులోని బదులు తీర్చడం.

మరి ఉచితం అనే మాట ఎక్కడ పుట్టింది? దానికీ కారణం లేకపోలేదు. 1965 నుండి రోటరీ ఫౌండేషన్ బృంద అధ్యయన వినిమయం అనే మరో పథకం నడిపింది. ఒక రోటరీ సభ్యుడు నాయకుడుగా, సభ్యులు కాని నలుగురు యువ ఉద్యోగులను నాలుగు నుండి ఆరు వారాలు విదేశానికి పంపేవారు. వయస్సు 25 నుండి 40 లోపు ఉండాలి. విమాన ఖర్చు ఫౌండేషన్ పెట్టుకొనేది. ఉపాధ్యాయులకు కూడా అవకాశం ఉండేది. శిక్షణ సర్టిఫికెట్టు చేతికి వచ్చిన కొత్తలో నేనూ దాని దరఖాస్తు తెచ్చుకొని నింపాను, పంపే ధైర్యం మాత్రం రాలేదు. ఆ పథకం 2013లో నిలిచిపోయింది. దాని జ్ఞాపకం మాత్రం ఊళ్ళలో నిలిచిపోయి, ఇప్పుడు మధ్యవర్తులకు పెట్టుబడిగా ఉపయోగపడుతున్నది.

విద్యార్థుల కోసం వేరే ఏర్పాటు ఉన్నది. 15 నుండి 19 సంవత్సరాల లోపు పిల్లలను కొన్ని వారాలకు గాని, ఒక విద్యా సంవత్సరానికి గాని విదేశీ కుటుంబాలలో ఉంచుతారు. అక్కడ బస, భోజనం ఆతిథ్య కుటుంబానివి. ప్రయాణం, బీమా ఖర్చులు తల్లిదండ్రులవి. ఇది కూడా స్థానిక క్లబ్బు ద్వారానే జరుగుతుంది. క్లబ్బు సమావేశానికి నేరుగా వెళ్ళి అడగవచ్చు, నడుమ దళారి అవసరం లేదు. సందర్శకుల వీసాతో వెళ్ళినవారు అక్కడ ఉద్యోగం చేయరాదు. చేస్తే అది చట్టవిరుద్ధం. "స్నేహయాత్రకు పోయి అక్కడే పనిలో చేరిపోవచ్చు" అని ఎవరైనా చెబితే ఆ మాట దగ్గరే సంభాషణ ముగించండి. పాస్‌పోర్టు కావాలంటే సాధారణ పద్ధతిలో 36 పుటల పుస్తకానికి 1500 రూపాయలు రుసుము. దానికి కూడా వేలకు వేలు అడిగేవారు మన బస్టాండులలో ఉన్నారు.

ఇక ఆతిథ్యం సంగతి. నాకు తెలిసిన యాత్ర ఒకటే. కొన్ని సంవత్సరాల క్రితం జర్మనీ నుండి వచ్చిన బృందం బెంగళూరులోని సభ్యుల ఇళ్ళలో దిగింది. ఆ క్లబ్బు వారు మా దాపున ఒక పల్లెబడికి బెంచీలు ఇచ్చి ఉన్నారు. వాటిని చూపడానికి అతిథులను తీసుకువచ్చారు. మధ్యాహ్న భోజనం ఆ ఊరిలోని ఒక రైతు ఇంట. పట్టణంలో ఇంగ్లీషు వచ్చిన ఇంటివారికి పనికిరాని విద్య ఒకటి అక్కడ పనికి వచ్చింది. ఇంటివారిది తెలుగు, బడి పిల్లలది కన్నడం, వంటకు వచ్చిన పొరుగింటామెది తమిళం. దుబాసిగా నన్ను పిలిచారు. మన ఎల్లలోని ఇళ్ళలో మూడు భాషలు ఒకే పంక్తిలో కూర్చుంటాయి గనుక నాలుగో భాష వచ్చినందుకు ఎవరూ కంగారు పడలేదు.

రాగిముద్ద, ఉలవల సారు వడ్డించారు. అతిథి ఒకాయన ముద్దను రొట్టెలా నమలసాగాడు. అది పళ్ళకు అంటుకొని మాట రాలేదు. ఇంటి అవ్వ చూసి చూసి, "ఏం టీచరమ్మా, ఇంత పెద్దాయనకి ముద్ద మింగేది రాదా? నమిలేది కాదు, సారులో అద్దుకొని మింగమని చెప్పు" అంది. చెప్పాను. ఆయన ప్రయత్నించాడు, కన్నీళ్ళు వచ్చాయి, మళ్ళీ ప్రయత్నించాడు. మూడవసారి వడ్డించబోతే ఆయన భార్య చేయి అడ్డం పెట్టింది. అవ్వ మొగం చిన్నబోయింది. వారి దేశంలో వద్దంటే నిజంగా వద్దనే అర్థమని, మన ఇంట వద్దనడం మర్యాదలో మొదటి మెట్టు మాత్రమేనని ఇద్దరికీ విడివిడిగా చెప్పవలసి వచ్చింది. ఇటువంటి సంగతి యాత్ర కరపత్రాలలో ఉండదు.

కొంచెం నొచ్చుకున్న విషయమూ చెప్పాలి. వచ్చినవారిలో ఒకరు పెంకుటింటి గోడను, పేడ కళ్ళాన్ని మాత్రమే ఫోటోలు తీసుకున్నారు. ఆ ఇంటి మనుమరాలు కంప్యూటరు చదువుతున్నదని నేను రెండుసార్లు చెప్పినా కెమెరా అటు తిరగలేదు. బీదతనం చూడటానికి వచ్చేవారు, ఇల్లు చూడటానికి వచ్చేవారు వేరు. ఆతిథ్యమిచ్చేవారు ఫోటోల విషయం ముందే మాట్లాడుకోవచ్చు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

మరొక సంగతి. రోటరీ నియమావళి ప్రకారం 1989 వరకు స్త్రీలకు సభ్యత్వం లేదు. ఇప్పుడు ఉన్నది. అయినా అతిథులు ఇంటికి వచ్చినప్పుడు క్లబ్బు పతాకం ఇచ్చేవాడు యజమాని, నాలుగు గంటలకు లేచేది ఇల్లాలు. పట్టణంలోనూ పల్లెలోనూ ఇది ఒకటే. ఆతిథ్యానికి ఒప్పుకునే ముందు ఆ ఇంటి ఆడవారిని అడగాలనే నియమం ఒకటి ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం.

విదేశీయులు రాత్రి బస చేస్తే గుర్తుంచుకోవలసిన చట్టం ఒకటి ఉన్నది. బస ఇచ్చినది హోటలైనా, సొంత ఇల్లైనా, 24 గంటల లోపల ఆ వివరాలు విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయానికి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. మన ప్రాంతానికి ఆ కార్యాలయం బెంగళూరులో ఉన్నది. అతిథి పాస్‌పోర్టు, వీసా వివరాలు చేతిలో ఉంటే ఇది పెద్ద పని కాదు. చేయకపోతే మాత్రం చిక్కు ఇంటివారికే. త్రాగడానికి కాచి చల్లార్చిన నీరు, రాత్రి వెలుతురు గల మరుగుదొడ్డి, కారం తగ్గించిన ఒక కూర, ఇంతకు మించి వారు ఆశించేది లేదు.

ఆ జర్మనీ దంపతులు తిరిగి వెళ్ళాక అవ్వకు ఉత్తరం వ్రాశారు, నా చిరునామాకు. తమ వంటగది బల్ల ఫోటో పెట్టి, మీరు వస్తే ఇక్కడ కూర్చోబెడతాము అని వ్రాశారు. చదివి వినిపించాను. అవ్వ ఫోటోను చాలాసేపు చూసి, "అంత దూరం నేనెక్కడ పోతాను. ముద్ద మింగేది వచ్చిందా లేదా, అది కనుక్కొని రాయి" అంది.