చిటికెడు వనాడియం చేసే మేలు

గొడ్డలో, కత్తో చేయించాలంటే మన ఊళ్లలో పాత లారీ కమాను పట్టీ వెతికి తెచ్చి కమ్మరికి ఇస్తుంటారు. రెక్కల కష్టం మీద బతికే మన ఇళ్లలో గొడ్డలి విరిగితే ఆ రోజు కూలి పోయినట్టే. విరిగిన ముక్క ఎగిరి తగిలితే ఇంకా ప్రమాదం. మా ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కి మెటలర్జీ చదువుతున్న మేము, ఆ పట్టీలోని సంగతి నాలుగు మాటల్లో చెబుతాం.

ఉక్కు పైకి ఒకే ముద్దలా కనిపిస్తుంది. నునుపు చేసి, ఆమ్లం పూసి మైక్రోస్కోపులో చూస్తే గట్లు వేసిన మడుల్లా ఉంటుంది. ఒక్కో మడి ఒక స్ఫటికం. దాన్నే గ్రెయిన్ అంటారు. పగులు ఒక మడి దాటి ఇంకో మడిలోకి పోవాలంటే గట్టు దగ్గర దారి మార్చుకోవాలి. మడులు చిన్నవైతే గట్లు ఎక్కువ, పగులుకు అడ్డంకులూ ఎక్కువే. గ్రెయిన్ సైజు తగ్గేకొద్దీ ఉక్కు బలం పెరుగుతుందని 1951లో హాల్, 1953లో పెచ్ చూపించారు.

చిక్కంతా పదును పెట్టడానికి కాల్చినప్పుడే వస్తుంది. వేడి పెరిగేకొద్దీ గట్లు జరుగుతాయి. పెద్ద మడులు చిన్నవాటిని మింగేస్తాయి. అలాంటి ఉక్కును నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది కానీ పెళుసుగా తయారవుతుంది.

ఇక్కడే వనాడియం అక్కరకొస్తుంది. క్రోమియం–వనాడియం స్ప్రింగు ఉక్కులో అది 0.10 నుంచి 0.25 శాతం మాత్రమే. అంత కొంచెమే అయినా కార్బన్‌తో, నైట్రోజన్‌తో కలిసి కంటికి కనపడని రేణువులుగా మారి, గట్ల మీద హద్దురాళ్లలా నిలబడుతుంది. గట్టు జరగలేదు, మడి పెరగలేదు. అల్యూమినియం, నియోబియం, టైటానియం కూడా ఇదే పని చేస్తాయి. క్రోమియం పని వేరు. ముక్క లోపలిదాకా గట్టిపడేలా చూడటం దాని వంతు.

అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. కమాను పట్టీలన్నింటిలో వనాడియం ఉండదు. సిలికాన్–మాంగనీసు ఉక్కుతో చేసినవీ చాలా ఉంటాయి. వనాడియం ఉన్నా, వేడి మరీ మించితే ఆ రేణువులు ఉక్కులో కరిగిపోతాయి. హద్దురాయి పోయాక గట్టు ఆగదు. అందుకే ఈ ఉక్కుకు 850 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడి చాలు. పసుపు తిరిగేదాకా కాల్చనక్కర్లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈసారి విరిగిన పనిముట్టు దొరికితే పారేయకండి. విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తుంటే గ్రెయిన్లు పెరిగాయన్నమాట. సన్నగా, బూడిద రంగులో ఉంటే గ్రెయిన్లు చిన్నవే, కారణం వేరే చోట వెతకాలి.